చేతిలో ఇమిడే ట్యాబ్, కంటికి ఆనే తెర

మెదక్‌లో ఏ సెల్ షాపుకు వెళ్లి ట్యాబ్ అడిగినా మాటలు ఒకే వరుసలో నడుస్తాయి. ఎన్ని ఇంచులు, ఎంత జీబీ, సిమ్ పడుతుందా, బ్యాటరీ ఎంత, ధర ఎంత. పాపన్నపేట నుంచి బస్సెక్కి వచ్చి బిడ్డకు ట్యాబ్ కొనే తండ్రి అడిగేవీ ఇవే, కౌంటర్ వెనక కుర్రాడు చెప్పేవీ ఇవే. తెర ఎలాంటిదన్న ప్రశ్న దాదాపు రాదు. వచ్చినా "మంచిగనే కనిపిస్తదన్నా" అన్న మాటతో ముగుస్తుంది. కానీ ట్యాబ్ కొన్నాక రోజూ చూసేది, తాకేది, చదివేది ఆ తెరనే. లోపలి చిప్ నెమ్మదైతే కాసేపు ఓపిక పడతాం. తెర బాగాలేకపోతే ఆ ట్యాబ్ నెల తిరక్కుండా బీరువా పైకి చేరుతుంది.

ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోపు చిన్న ట్యాబ్‌ల విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం. తేలిగ్గా ఉంటుందని, సంచిలో పడుతుందని, ఒంటి చేత్తో పట్టుకోవచ్చని వాటిని కొంటాం. ఆ తేలిక కోసం తెరలో ఎంత వదులుకోవచ్చు? వదులుకోవాల్సిన అవసరం అసలు ఉందా? గత పదిహేనేళ్లలో వచ్చిన చిన్న ట్యాబ్‌లను, తెలుగు చదివే మనిషి అవసరాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సమాధానం స్పష్టంగా కనిపిస్తోంది. చిన్న తెరకు పెద్ద తెరకన్నా ఎక్కువ నాణ్యత కావాలి. మార్కెట్ మాత్రం చిన్న తెరకే తక్కువ నాణ్యత ఇస్తోంది.

పాపన్నపేట మండలం నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఇది మంజీర ఒడ్డున వరి పండే ప్రాంతం. నది ఏడు పాయలుగా చీలే చోట, నాగ్సాన్‌పల్లి దగ్గర, వనదుర్గమ్మ గుడి ఉంది. మహాశివరాత్రి జాతరకు లక్షల్లో జనం వస్తారు. ఇక్కడ ట్యాబ్ వాడకం ఎక్కువగా బస్సులో, బడి వరండాలో, ఇంటి అరుగు మీద, పొలం గట్టు మీద జరుగుతుంది. చల్లని గదిలో, మసక వెలుతురులో చూసి రాసిన సమీక్షలు ఇక్కడికి అక్కరకు రావు.

పదిహేనేళ్ల దారి

2010లో శాంసంగ్ తొలి గెలాక్సీ ట్యాబ్ ఏడంగుళాల తెరతో వచ్చింది. 1024 నిలువు వరుసలు, 600 అడ్డు వరుసల చుక్కలు (పిక్సెళ్లు), 380 గ్రాముల బరువు. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఏడంగుళాల ట్యాబ్‌లు బతికి బట్టకట్టవని తేల్చేశారు. అంత చిన్న తెర మీద పని చేయాలంటే వేళ్లను అరగదీసుకోవాలని కూడా అన్నారు. 2012 నవంబరుకు ఆయన లేరు. ఆ నెలలోనే ఆయన కంపెనీ 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీని అమ్మకానికి పెట్టింది. చిన్న ట్యాబ్‌కు గిరాకీ ఉందని అందరూ ఒప్పుకున్న ఏడాది అది.

ఈ రెండింటి మధ్య మన దగ్గర ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' ట్యాబ్‌ను విడుదల చేశారు. విద్యార్థులందరికీ చవగ్గా ట్యాబ్ అందించాలన్నది ఆశయం. తయారీ ఒప్పందం డేటావిండ్‌ది, దాన్ని బిగించింది హైదరాబాద్‌లోని క్వాడ్ సంస్థ. ప్రభుత్వానికి పడిన ధర సుమారు యాభై డాలర్లు. ఏడంగుళాల తెర, 800 × 480 చుక్కలు, 350 గ్రాములు. చేతిలో ఇమడడం వరకు ఏ లోపమూ లేదు. లోపమంతా తెరలోనే. అది రెసిస్టివ్ తెర. రెండు పొరలు ఒకదానికొకటి ఆనేలా గట్టిగా నొక్కితేనే స్పందిస్తుంది. అప్పటికే ఫోన్ల మీద వేలు అలా జార్చడం అలవాటైన పిల్లలకు అది మొండికేసిన పలకలా అనిపించింది. విమర్శలు వెల్లువెత్తాయి. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో తాకితే చాలనే కెపాసిటివ్ తెర పెట్టారు, కానీ చుక్కల సంఖ్య మారలేదు. ధర తగ్గించే పనిలో మొదటి కోత తెర మీదే పడుతుందని ఆకాశ్ మనకు తొలిసారి చూపించింది.

ఆ రోజుల్లోనే గూగుల్ నెక్సస్ 7 వచ్చింది. 2012 మోడల్‌కు 1280 × 800 తెర, 340 గ్రాముల బరువు. 2013 మోడల్‌కు 1920 × 1200 తెర, 290 గ్రాములు. అంగుళానికి చుక్కలు 216 నుంచి 323కి పెరిగితే బరువు యాభై గ్రాములు తగ్గింది. అమెరికాలో ధర 199 డాలర్ల నుంచి 229కి మాత్రమే పెరిగింది. చిన్న ట్యాబ్‌లో మంచి తెర, తక్కువ బరువు, అందుబాటు ధర మూడూ కలిసి రాగలవని 2013లోనే రుజువైంది.

ఆ తర్వాత ఫోన్లే ఆరు అంగుళాలు దాటడంతో చిన్న ట్యాబ్‌ల మీద కంపెనీల శ్రద్ధ తగ్గింది. ఈ రోజు పది, పదిహేను వేల రూపాయల మధ్య దొరికే 8.7 అంగుళాల ట్యాబ్‌లలో చాలావాటికి 1340 × 800 తెరే ఉంటోంది. అంగుళానికి 179 చుక్కలు. 2012 నాటి నెక్సస్ కంటే తెర పెద్దదైంది, చుక్కలు దాదాపు అవే మిగిలాయి. పదేళ్లు గడిచాక అక్షరం మరింత పలచబడింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు 5,18,740 ట్యాబ్‌లు పంచింది. అవి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ ట్యాబ్‌లు. 8.7 అంగుళాల తెర, 1340 × 800 చుక్కలు, 370 గ్రాములకు అటూఇటూ బరువు. అయిదు లక్షల మంది చేతుల్లోకి ఒకేసారి వెళ్లే వస్తువుకు తెర ఎలా ఉండాలన్నది చిన్న విషయం కాదు.

చుక్కల లెక్క, చూపు దూరం

"అంగుళానికి చుక్కలు" అన్న లెక్కను కంపెనీలు డబ్బా మీద పెద్దగా రాయవు. కొనేవారు తెలుసుకోవాల్సిన మొదటి అంకె మాత్రం అదే. దాన్ని ఎలా చూడాలో చెబుతాను.

ఆరోగ్యకరమైన కన్ను సాధారణంగా ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. తెరను కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ కోణం 0.087 మిల్లీమీటర్లకు సమానం. అంటే అంగుళానికి 290 చుక్కలు ఉంటే అవి విడివిడిగా కనబడవు, గీత నునుపుగా కనిపిస్తుంది. 40 సెంటీమీటర్ల దూరంలో 218 చాలు. ఇప్పుడు ఎదురు లెక్క వేద్దాం. 179 చుక్కల తెర నునుపుగా కనిపించాలంటే దాన్ని దాదాపు 49 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. ఈనాటి 326 చుక్కల ఐప్యాడ్ మినీని 27 సెంటీమీటర్ల దాకా దగ్గరికి తెచ్చుకోవచ్చు. పదకొండంగుళాల తెర మీద 1920 × 1200 చుక్కలుంటే, అంగుళానికి 206, 42 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది.

చిన్న ట్యాబ్‌ను మనం ఎంత దూరంలో పట్టుకుంటాం? బస్సులో, మంచం మీద, ఒంటి చేత్తో పట్టుకుంటే ముప్పై, ముప్పై అయిదు సెంటీమీటర్లు. పెద్ద ట్యాబ్‌ను బల్ల మీద నిలబెడతాం, ఒళ్లో పెట్టుకుంటాం, కాబట్టి అది సహజంగానే దూరంగా ఉంటుంది. వస్తువు చిన్నదైన కొద్దీ కంటికి దగ్గరవుతుంది. దగ్గరైన కొద్దీ చుక్కలు ఎక్కువ కావాలి. చిన్న తెర కాబట్టి తక్కువ చుక్కలు చాలన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఇంకో పోలిక చూడండి. 6.7 అంగుళాల ఫోన్ తెర వైశాల్యం సుమారు 108 చదరపు సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్ తెర సుమారు 215, అంటే రెండింతలు. అయితే ఈ మధ్య ఫోన్లలో చాలావాటికి 2400 × 1080 తెర ఉంటుంది, దాదాపు 26 లక్షల చుక్కలు. ఆ ట్యాబ్‌కు ఉన్నవి 10 లక్షల 72 వేలు. రెండింతల తెర మీద సగం కంటే తక్కువ చుక్కలు. ఇంట్లో ఉన్న ఫోన్‌లో స్పష్టంగా కనిపించిన అక్షరం కొత్తగా కొన్న ట్యాబ్‌లో మసకగా ఎందుకుందో ఈ లెక్క చెబుతుంది.

మన లిపికి కావాల్సింది వేరు

ఇంగ్లిష్ సమీక్షలు చదివి ట్యాబ్ కొనేవారు ఒక విషయం మరిచిపోతారు. ఆ సమీక్షకులు చూసింది రోమన్ అక్షరాలను. వాటిలో ఎక్కువ భాగం నిలువు, అడ్డ గీతలు. మనవి గుండ్రాలు, మెలికలు, పైన గుణింతం, కింద వత్తు. "రాష్ట్రం" అన్న మాటను దగ్గరగా చూడండి. రెండో అక్షరంలో ష, దాని మీద తలకట్టు, కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు, పక్కన సున్న. ఒకే అక్షరంలో మూడు అంతస్తులు.

ఈ అక్షరం ఎత్తు తెర మీద మూడు మిల్లీమీటర్లు అనుకుందాం. 179 చుక్కల తెర మీద ఆ ఎత్తుకు దొరికేవి 21 చుక్కలు. మూడు అంతస్తులకూ పంచితే ఒక్కోదానికి ఏడే. ఏడు చుక్కల ఎత్తులో ట వత్తు మెలిక తిరగాలి, దానికీ ర వత్తుకూ మధ్య ఖాళీ మిగలాలి. 326 చుక్కల తెర మీద అదే ఎత్తుకు 38 చుక్కలు వస్తాయి, ఒక్కో అంతస్తుకు పన్నెండు పైనే. ముగ్గుకు చుక్కలు తక్కువ పెడితే మెలికలు తిరగవు. తెర సంగతీ అంతే. రోమన్ అక్షరం 179 చుక్కల తెర మీద కాస్త గరుకుగా కనిపించినా చదవడానికి ఇబ్బంది ఉండదు. తెలుగు వత్తు మాత్రం కింద ఒక నల్ల మరకగా మారిపోతుంది. అలవాటైన మాటను మనం ఊహతో పూరించుకుని చదివేస్తాం. అక్షరాలు కూడబలుక్కుంటున్న మూడో తరగతి పిల్లవాడు పూరించుకోలేడు. చత్వారం వచ్చిన నలభై దాటిన మనిషి కళ్లు నలుపుకుంటాడు.

ఆండ్రాయిడ్ అక్షరాల అంచులను బూడిద రంగు చుక్కలతో మెత్తబరుస్తుంది. దాంతో గరుకుదనం తగ్గుతుంది కానీ, లేని వివరం పుట్టదు. మందపు గీతల ఫాంటు, పెద్ద అక్షరాల సైజు కొంత ఆదుకుంటాయి. ఆ వీలు టైపు చేసిన పాఠానికే ఉంటుంది. తెలుగులో మనం తెర మీద చదివేదానిలో పెద్ద భాగం బొమ్మగా మారిన పేజీ. దినపత్రికల ఈ-పేపర్లు, స్కాన్ చేసిన పాత పుస్తకాలు, పీడీఎఫ్ పాఠ్యపుస్తకాలు, వాట్సాప్‌లో తిరిగే జీవోల ప్రతులు, అన్నీ అలాంటివే. వాటిలో ఫాంటు మార్చలేం. పేజీని పెద్దది చేసుకుని అటూ ఇటూ జరపడమే మిగిలిన దారి.

ఈ-పుస్తకాల వ్యాపారం కూడా మనల్ని ఆ బొమ్మ పేజీల వైపే నెట్టింది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో అయిదు భారతీయ భాషల పుస్తకాలకు చోటిచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కినిగె వంటి తెలుగు దుకాణాలు 2010 నుంచి ఆ లోటు పూడ్చడానికి పాటుపడ్డాయి. అయినా పాత పుస్తకం కావాలంటే ఈ రోజుకీ ఎక్కువమంది తెలుగు పాఠకులు వెతికేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్ ప్రతులనే. అందుకే మంచి తెర మనకు విలాసం కాదు, అవసరం.

ఎండలో తెర

వెలుగు సంగతికి వద్దాం. తెర వెలుగును నిట్‌లలో కొలుస్తారు. చిన్న ట్యాబ్‌లకు కంపెనీలు చెప్పుకునేది సాధారణంగా నాలుగు వందల నుంచి ఆరు వందల నిట్‌లు. గదిలో రెండు వందలు చాలు. మిట్ట మధ్యాహ్నం పొలంలో పరిస్థితి వేరు. ఆ ఎండలో తెల్ల చొక్కా నుంచి వచ్చే వెలుగు పాతిక వేల నిట్‌ల వరకు ఉంటుంది. గాజు తన మీద పడిన వెలుగులో సుమారు నాలుగు శాతాన్ని వెనక్కి పంపుతుంది. పాతిక వేలలో నాలుగు శాతం అంటే వెయ్యి. అయిదు వందల నిట్‌ల తెర మీద వెయ్యి నిట్‌ల చొక్కా ప్రతిబింబం పడితే అక్షరం కనబడదు.

ఇక్కడ డబ్బా మీద ఎవరూ గమనించని ఒక మాట ఉంది: లామినేషన్. పై గాజును కింద ఉన్న తెర పలకతో సందు లేకుండా అతికించడమే లామినేషన్. అలా అతికించని తెరలో గాజుకూ పలకకూ మధ్య గాలి ఉంటుంది. గాజు, గాలి కలిసే ప్రతి చోటా వెలుగు మళ్లీ వెనక్కి తిరుగుతుంది. అక్షరం గాజు లోతులో ఎక్కడో ఉన్నట్టు కనిపించేది ఈ సందు వల్లే. ఐప్యాడ్ మినీ తెర పూర్తిగా అతికించినది, మెరుపు తగ్గించే పూత ఉన్నది. దానికంటే పెద్దదైన మామూలు ఐప్యాడ్‌కు ఆ రెండూ లేవు. చవక చిన్న ట్యాబ్‌లలో చాలావరకు గాలి సందే ఉంటుంది. దాని మీద మనం మరో టెంపర్డ్ గ్లాస్ అతికిస్తే మెరుపు ఇంకా పెరగొచ్చు.

ఎండతోపాటు వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో మెదక్ జిల్లాలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. వేడెక్కిన ట్యాబ్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గించుకుంటుంది. ఎక్కువ వెలుగు కావాల్సిన వేళే వెలుగు తగ్గుతుందన్నమాట. పొలం గట్టు మీద పంట వివరాలు నమోదు చేసేవారు, ఇంటింటికీ తిరిగి గర్భిణుల వివరాలు రాసే ఏఎన్‌ఎంలు ఎదుర్కొనేది ఇదే. ఏఎన్‌ఎంల రిజిస్టర్లను ట్యాబ్‌లోకి మార్చే అన్‌మోల్ పథకం 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. అలాంటి పనికి చుక్కల సంఖ్య కంటే వెలుగు, లామినేషన్ ముఖ్యం. పెద్ద పెద్ద గడులున్న ఫారానికి 179 చుక్కలు చాలు. కానీ ఆ గడి ఎండలో కనబడాలి.

బరువులో అసలు రాజీ ఎక్కడ

మంచి తెర పెడితే బరువు పెరుగుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. చుక్కలు దట్టమైతే వెనక దీపం వెలుగు వాటిలోంచి తక్కువగా వస్తుంది, దీపాన్ని పెంచాలి, అందుకు పెద్ద బ్యాటరీ కావాలి. ఐప్యాడ్ మినీలో ఇది అంకెలతో సహా కనిపిస్తుంది. 2012 మోడల్‌కు 1024 × 768 తెర, 16.3 వాట్-అవర్ బ్యాటరీ, 308 గ్రాములు. 2013లో చుక్కలు నాలుగు రెట్లయ్యాయి, బ్యాటరీ 23.8 వాట్-అవర్‌కు పెరిగింది, బరువు 331 గ్రాములైంది. నాలుగు రెట్ల చుక్కలకు చెల్లించిన మూల్యం 23 గ్రాములు. 2015 నాటి మినీ 4లో ఆ బరువూ దిగిపోయి 299 గ్రాములకు వచ్చింది. ఈనాటి 8.3 అంగుళాల మినీ 293 గ్రాములే.

మరోవైపు చుక్కలు తక్కువున్న చవక ట్యాబ్‌లు అంతకంటే బరువు. శాంసంగ్ ట్యాబ్ ఏ9 332 గ్రాములు, రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ 8.7 సుమారు 373 గ్రాములు. అంటే తెరను తగ్గించి మనం తేలికను కొనుక్కోవడం లేదు. తగ్గుతున్నది ధర ఒక్కటే. 2024లో మినీ ఇక్కడ 49,900 రూపాయలకు వచ్చింది. అదే ఏడాది ఆ రెడ్‌మీ ధర 10,999 నుంచి మొదలైంది. నిజమైన పోటీ తెరకూ డబ్బుకూ మధ్య నడుస్తోంది. తేలిక పేరు చెప్పి దాన్ని కప్పిపుచ్చుతున్నారు.

ఈ మాటకు మరో సాక్ష్యం అదే కంపెనీ వస్తువుల్లో ఉంది. 2024 ఏప్రిల్‌లో పదకొండంగుళాల రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ 1920 × 1200 తెరతో 12,999 రూపాయలకు వచ్చింది. మూడు నెలల తర్వాత చిన్నది 1340 × 800 తెరతో వచ్చింది. తేడా రెండు వేల రూపాయలు, నూరు గ్రాముల పైచిలుకు. చుక్కల్లో తేడా సగానికి పైగా. చిన్నది కొనేవారు ఎలాగూ వీడియోలే చూస్తారన్న అంచనా దీని వెనక ఉన్నట్టుంది. ఆ అంచనా మన అవసరాలను చూసి వేసింది కాదు.

బరువు అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. కంపెనీ చెప్పేది ఒట్టి ట్యాబ్ బరువు. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు కవరు లేకుండా ఎవరూ ఇవ్వరు. కవరు మరో నూరు నుంచి రెండు వందల గ్రాములు. 370 గ్రాముల ట్యాబ్ అర కిలోకు అటూఇటూ చేరుతుంది. పన్నెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న ఆ ట్యాబ్ చొక్కా జేబులోనూ పట్టదు. సంచి ఎలాగూ మోయాల్సిందే అయితే ఎనిమిదికీ పదకొండుకూ మధ్య తేడా అనుకున్నంత పెద్దది కాదు.

మడత ఫోన్ అనే దారి కూడా ఉంది. 2025 నాటి శాంసంగ్ ఫోల్డ్ 7 విప్పితే ఎనిమిదంగుళాల తెర, బరువు 215 గ్రాములు. తెర, తేలిక రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి. విడుదలైనప్పుడు దాని ధర లక్షా డెబ్భై నాలుగు వేల పైన మొదలైంది. ఊళ్లో కొనేవారికి అది లెక్కలోకి రాదు.

ఏ పనికి ఏ తెర

చదువు సంగతి ముందు చూద్దాం. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు పల్లెల్లో పిల్లలు టీవీల ముందు, చిన్న ఫోన్ల చుట్టూ చేరారు. వీడియో పాఠం వరకు 8.7 అంగుళాల చవక ట్యాబ్ బాగానే పనికొస్తుంది. కదిలే బొమ్మలో కన్ను చుక్కలను వెతకదు. పాఠ్యపుస్తకం దగ్గర అది చతికిలబడుతుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులకు ఇచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉంటాయి. రెండూ పక్కపక్కన కనిపించడమే ఆ పుస్తకం ఉద్దేశం. 8.7 అంగుళాల తెరను అడ్డంగా తిప్పితే వెడల్పు 19 సెంటీమీటర్లు, ఒక్కో పేజీకి తొమ్మిదిన్నర. ఆ వెడల్పులో అచ్చు అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. పిల్లవాడు ఒక పేజీని పెద్దది చేస్తే రెండో పేజీ తెర దాటిపోతుంది. పదకొండంగుళాల తెర మీద వెడల్పు 23.7 సెంటీమీటర్లు, చుక్కలూ ఎక్కువ. బడి పుస్తకానికి అదే కనీస పరిమాణం.

దినపత్రిక ఇంకా కఠిన పరీక్ష. బ్రాడ్‌షీట్ పేజీని నిలువుగా పట్టుకున్న 8.7 అంగుళాల ట్యాబ్‌లో, 11.3 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద పూర్తిగా చూస్తే శీర్షికలు మాత్రమే చదవగలం. వార్తను విడిగా విప్పి చదవాల్సిందే. అలా విప్పినప్పుడు దట్టమైన చుక్కల తెర ఉంటే చిన్న ట్యాబ్ సరిపోతుంది, లేకపోతే మళ్లీ మళ్లీ పెద్దది చేసుకోవాలి.

చిన్న ట్యాబ్ నిజంగా వెలిగేది పుస్తకం దగ్గర. మన నవలలు, కథల సంపుటాలు ఎక్కువగా డెమ్మీ సైజులో, 14 × 21.5 సెంటీమీటర్ల పేజీలో వస్తాయి. ఎనిమిదిన్నర అంగుళాల తెర మీద ఆ పేజీ 80 శాతం సైజులో మొత్తంగా పడుతుంది. అంచుల ఖాళీ కత్తిరిస్తే దాదాపు అచ్చు సైజే. ఇంత చక్కగా తెలుగు పుస్తకానికి సరిపోయే వస్తువు మరొకటి లేదు. ఫోన్ ఇరుకు, పెద్ద ట్యాబ్ పడుకుని చదవడానికి బరువు. కానీ 80 శాతానికి కుదిస్తే మూడు మిల్లీమీటర్ల అక్షరం 2.4 మిల్లీమీటర్లవుతుంది. 179 చుక్కల తెర మీద దానికి దక్కేవి పదిహేడు చుక్కలు, 326 తెర మీద ముప్పై పైన. మొదటి దానిమీద వత్తులు అలుక్కుపోతాయి, రెండో దానిమీద అచ్చు పుస్తకం చదివినట్టే ఉంటుంది. సైజు సరిగ్గా కుదిరిన చోటే తెర చెడగొడుతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఎండలో, గంటల తరబడి చదివేవారికి ఈ-ఇంక్ తెర ఉంది. ఏడంగుళాల కిండిల్ పేపర్‌వైట్‌కు అంగుళానికి 300 చుక్కలు, 211 గ్రాములు. కాగితంలాగే వెలుగు ఎక్కువైన కొద్దీ బాగా కనిపిస్తుంది. స్కాన్ పేజీలను అది నెమ్మదిగా తిప్పుతుంది, వీడియోకూ ఫారాలకూ పనికిరాదు. ఇంట్లో ఒకే వస్తువు కొనగలిగే కుటుంబానికి దాన్ని సిఫారసు చేయలేం.

తీర్పు

ఇన్ని లెక్కల తర్వాత నా అభిప్రాయం ఇది. వీడియో పాఠాలు, వీడియో కాల్స్, ఫారాలు నింపడం మాత్రమే పని అయితే పది, పన్నెండు వేల 8.7 అంగుళాల ట్యాబ్ చాలు. బడి పిల్లల పాఠ్యపుస్తకాల కోసమైతే దాన్ని కొనకండి. మరో రెండు, మూడు వేలు కలిపి 1920 × 1200 ఉన్న పదకొండంగుళాలది తీసుకోండి, నూరు గ్రాముల అదనపు బరువు భరించదగ్గదే. తెలుగు పుస్తకాలు, పత్రికలు చదవడానికి చిన్న ట్యాబే కావాలనుకుంటే అంగుళానికి 250 చుక్కలకు తగ్గనిది చూడండి. అంత డబ్బు లేకపోతే ఇంట్లో ఉన్న ఫోన్‌లోనే చదవండి, దాని అక్షరమే స్పష్టంగా ఉంటుంది.

కొనేముందు షాపులోనే మూడు పనులు చేయండి. తెలుగు దినపత్రిక ఈ-పేపర్ తెరిచి, ఒక వార్తను ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి చదివి, వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. ట్యాబ్‌ను షాపు బయటికి తెచ్చి ఎండలో అదే వార్త చదవండి. కవరు వేసి ఒంటి చేత్తో పది నిమిషాలు పట్టుకోండి. షాపువాళ్లు అంకెలు ఏమి చెప్పినా మీ కన్ను, మీ చెయ్యి చెప్పిందే తీసుకోండి.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటి. పిల్లలకు, ఉపాధ్యాయులకు, ఏఎన్‌ఎంలకు ట్యాబ్‌లు కొనే టెండర్లలో మెమరీ, బ్యాటరీ, కెమెరా అంకెలతోపాటు మరో మూడు షరతులు రాయండి. తొమ్మిదంగుళాల లోపు తెరకు అంగుళానికి కనీసం 250 చుక్కలు, అతికించిన గాజు, మధ్యాహ్నపు ఎండలో ఒక తెలుగు పాఠ్యపుస్తకం పేజీ చదవగలిగేలా ఉందని రుజువు. అయిదు లక్షల ట్యాబ్‌లు ఒకేసారి కొనే చేతికి కంపెనీలతో మంచి తెర చేయించుకునే బలం ఉంది. ఆ బలాన్ని తెలుగు అక్షరం కోసం వాడండి.